లోను తీసి డిజైన్ చదివిస్తే అమ్మాయికి బొమ్మ మీద ధ్యాస మిగులుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. అమ్మాయికి హైదరాబాద్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలో బీఎఫ్ఏ (చిత్రలేఖనం, శిల్పం లాంటివి నేర్పే డిగ్రీ) సీటు వచ్చింది. ఇంకోపక్క ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీడిజైన్ సీటు కూడా ఉంది. రెండోదానికి ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 5 లక్షలు, అదంతా లోనే. మీ మరిదిగారేమో "డబ్బుకు కటకట ఉంటేనే బుర్ర పనిచేస్తుంది, పెద్ద ఆర్టిస్టులంతా అలా పైకొచ్చినవాళ్లే" అంటున్నారు. అమ్మాయి మాత్రం "ఈఎంఐ నెత్తిన పెట్టుకుని నేనేం గీస్తాను" అంటోంది. ఎవరి మాట నిజమని అడిగారు.

ఇద్దరిదీ నిజమే. ఇద్దరూ రెండు వేర్వేరు కటకటల గురించి మాట్లాడుతున్నారు, అంతే. నేను యాప్లైడ్ ఆర్ట్, డిజైన్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి 26 ఏళ్లయింది, ప్రభుత్వ కాలేజీలోనూ చెప్పాను, ప్రైవేటులోనూ చెప్పాను. నేను చూసినంతలో, సామాను కొనడానికి డబ్బు లేకపోవడం ఒక రకం. తప్పు చేసి మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేకపోవడం ఇంకో రకం. మొదటిది చాలాసార్లు పిల్లల్ని పదునెక్కిస్తుంది. రెండోదాని వల్ల బాగుపడ్డవాళ్లని నేను పెద్దగా చూడలేదు. లోను రెండో రకంలోకి వస్తుంది.

మీ మరిదిగారికి బలమైన ఉదాహరణ నేనే ఇస్తాను. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడ అలంకరణ పనిని గాంధీగారు శాంతినికేతన్‌లోని ఆర్ట్ స్కూలు కళాభవన్‌లో ఉన్న చిత్రకారుడు నందలాల్ బోస్‌కి అప్పగించారు. పల్లెటూళ్లో పల్లె జనం కోసం జరిగే సభ కాబట్టి చవగ్గా, స్థానికంగా దొరికే సామానుతోనే చేయాలి. నందలాల్, ఆయన విద్యార్థులు కలిసి చేతి కాగితం మీద మట్టి రంగులతో దాదాపు 400 పోస్టర్లు వేశారు. డోలు వాయించేవాళ్లు, ఎద్దును పట్టుకున్న రైతు, రోజువారీ పనుల్లో ఉన్న ఆడవాళ్లు. గీత లావుగా, గబగబా సాగిపోతుంది. రంగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయిల్ రంగులు, కాన్వాసు ఇచ్చి నింపాదిగా వేయమని ఉంటే ఆ గీత వచ్చేది కాదని నా నమ్మకం.

అదే కళాభవన్‌లో చదివిన కె.జి. సుబ్రమణ్యన్ తర్వాత బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో మాస్టారయ్యారు. అక్కడ ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ అని పెట్టి, మాస్టార్లూ విద్యార్థులూ కలిసి ఆటబొమ్మలు, ఇంట్లో వాడుకునే వస్తువులు చేసి మామూలు జనానికి అమ్మేవారు. సుబ్రమణ్యన్ చెక్క పూసలు, తోలు ముక్కల్లాంటి చిన్నాచితకా సామానుతో చేసిన బొమ్మలు ఇవాళ చూసినా నవ్వొస్తుంది, అంత చలాకీగా ఉంటాయి. మన తెలుగు చిత్రకారులు లక్ష్మాగౌడ్‌గారు, తోట వైకుంఠంగారు ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి, ఆపైన బరోడా వెళ్లి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. తిరిగొచ్చాక లక్ష్మాగౌడ్‌గారు దూరదర్శన్‌లో ఉద్యోగం చేశారు, వైకుంఠంగారు బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పారు. అది మీ మరిదిగారు గమనించాలి. వాళ్లకి నెల తిరిగేసరికి ఒక జీతం వచ్చేది. పనయ్యాక మిగిలిన పొద్దు వాళ్లది.

ఇక నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. మా దగ్గర ఒక కుర్రాడు చదివాడు, కరీంనగర్ వైపు వాడు. వాళ్ల నాన్న షాపులకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక చేతిపని పోయింది. చివరికి ఆయన ఒక ఫ్లెక్సీ షాపులోనే అంచులు అంటించే పనికి కుదిరాడు. కుర్రాడికి కాన్వాసు కొనే స్తోమత లేదు. ఎలక్షన్లు అయిపోయాక జనం పీకి పారేసిన ఫ్లెక్సీలు ఏరుకొచ్చి, వెనకవైపు తిప్పి వాటి మీద వేయడం మొదలుపెట్టాడు. ఫ్లెక్సీ అంటే ప్లాస్టిక్కే కదా, రంగు పట్టదు. సాండ్‌పేపర్‌తో రుద్దాడు, ప్రైమర్ కొట్టాడు, ఆపైన అక్రిలిక్ వేశాడు. ఆరాక ఒక్కసారి మడిచాడో లేదో, మడత పొడుగునా పెచ్చులు లేచిపోయేవి. రెండు నెలలు దాంతో కుస్తీ పట్టాడు. మేమందరం "కాన్వాసు కొనిస్తాంరా, మానెయ్" అన్నాం కూడా.

మూడో నెలలో వాడు పెచ్చులు ఆపే ప్రయత్నం మానేశాడు. ఎక్కడ లేవాలో తనే నిర్ణయించుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న ముఖం, చేతులు వేశాడు. కళ్ల దగ్గర, వేళ్ల దగ్గర మడిచి, ఎండలో పెట్టి, విప్పాడు. రంగు అక్కడక్కడా రాలిపోయిన ముఖం. జ్యూరీ రోజు, అంటే మాస్టార్లంతా పని చూసి మార్కులు వేసే రోజు, దాన్ని గోడకు కొట్టకుండా కిటికీకి వేలాడదీశాడు. వెలుతురు వెనకనుంచి పడేసరికి, రంగు రాలిన చోట్ల అవతలివైపు ప్రింటయి ఉన్న నాయకుడి నవ్వు మసగ్గా కనిపించింది. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మార్కులు వేయడం కూడా మర్చిపోతే పక్కనున్న మేడమ్ గుర్తు చేశారు.

కాన్వాసు కొనిచ్చి ఉంటే ఆ పని పుట్టేది కాదు. కానీ వాడి దగ్గర మూడు నెలలున్నాయి. ఫీజు నామమాత్రం, హాస్టలు ఉచితం, ఇంటికి డబ్బు పంపాల్సిన పని లేదు. రెండు నెలలు పాడుచేసుకున్నా అడిగేవాళ్లు లేరు. అదే బ్యాచ్‌లో ఇంకొకడు ఉండేవాడు, గీతలో వీడికంటే రెండాకులు ఎక్కువే చదివాడు. రాత్రుళ్లు చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపులో పెళ్లి కార్డులు కంపోజ్ చేసేవాడు. అనూ అనే తెలుగు ఫాంట్లలో వాడి స్పీడు చూస్తే ముచ్చటేసేది, అందులోంచి వచ్చే డబ్బుతో చెల్లెలి ఫీజు కట్టేవాడు. పొద్దున స్టూడియోలో డ్రాయింగ్ బోర్డు మీదే తల పెట్టి పడుకునేవాడు. మూడో ఏడాది మధ్యలో మానేశాడు. కటకటే కళని పుట్టిస్తుందని చెప్పేవాళ్లు మొదటివాడిని చూపిస్తారు. రెండోవాడు ఎక్కడున్నాడో నాకే తెలియదు.

ఇప్పుడు మీ లోను లెక్క. ఏడాదికి 5 లక్షల చొప్పున నాలుగేళ్లు, 10 శాతం వడ్డీ అనుకుందాం. ఎడ్యుకేషన్ లోనుకి మామూలుగా కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకు వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. బారువడ్డీ వేసుకున్నా ఆ ఐదేళ్లలో 7 లక్షలవుతుంది. అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకి బాకీ 27 లక్షలు. 15 ఏళ్లకి పెట్టుకుంటే నెలకు సుమారు 29 వేలు. పదేళ్లకైతే 35 వేలు దాటుతుంది. పైగా ఏడున్నర లక్షలు దాటిన లోనుకి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి, అంటే మీ ఇంటి కాగితాలు. ఆ కాగితాల మీద మీరు సంతకం పెట్టేటప్పుడు అమ్మాయి పక్కనే కూర్చుని ఉంటుంది. ఆ తర్వాత తను ఏ ప్రాజెక్టు ఎంచుకున్నా ఆ సంతకం గుర్తొస్తూనే ఉంటుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఇలాంటి లోనుతోనే. ఫస్టియర్‌లో "ఇంట్లో ఉన్న ఒక పనిని డిజైన్ చేయండి" అని ఒక అసైన్‌మెంటు ఇచ్చాను. తను ముగ్గుని ఫోన్లో చెప్పడం ఎలా అన్నది తీసుకుంది. చూపించడానికి లేదు, ఫొటో పంపడానికి లేదు, మాటతోనే చెప్పాలి. చుక్కలకు అంకెలు, గీత తిరిగే వైపుకి ఒక్కో అక్షరం పెట్టి ఒక పద్ధతి కట్టింది. 'మూడు కా, నాలుగు కి' అంటూ క్లాసులోంచి స్పీకర్ పెట్టి వాళ్ల అమ్మమ్మకి ముగ్గు చదివి వినిపించింది. ఆవిడ అటునుంచి "కా ఏంటే, నా బొంద, ఎడమచేతి వైపా కుడిచేతి వైపా సరిగ్గా చెప్పు" అని తిట్టింది. క్లాసంతా పడీపడీ నవ్వాం. అమ్మాయి ఆ రాత్రికి రాత్రి కా, కి తీసేసి ఎడమచేయి, కుడిచేయి, కడుపు, వీపు అని పేర్లు పెట్టుకొచ్చింది. వాడేవాళ్ల మాటలోంచి డిజైన్ తీసుకురావడమంటే అదే. ఫస్టియర్ పిల్ల చేసింది.

అదే అమ్మాయి ఫైనలియర్‌లో ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్ చేసింది. ఆ ఏడాది ఆ క్లాసులో ఫుడ్ యాప్‌లు ఐదు, ధ్యానం యాప్‌లు మూడు, మొక్కలకు నీళ్లు పోయమని గుర్తుచేసే యాప్‌లు రెండు. అన్నిటికీ అదే వరుస, అవే లేతరంగులు, అదే గుండ్రటి బటన్లు. "ముగ్గు పని ఏమైందమ్మా, దాన్నే పెంచొచ్చు కదా" అంటే, "సార్, అది పోర్ట్‌ఫోలియోలో పెడితే హెచ్ఆర్ వాళ్లకి అర్థం కాదు, నాకు జూలైకల్లా ఉద్యోగం కావాలి" అంది. ఉద్యోగం వచ్చింది, మంచిదే వచ్చింది. అమ్మాయిని నేను తప్పుపట్టను. 27 లక్షల బాకీ ఉంటే నేనూ ఫుడ్ యాప్ చేస్తాను.

కాలేజీల సంగతి కూడా ఉంది. అవి అప్పులకు అతీతమేం కాదు. నేను పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలో ప్రింట్‌మేకింగ్ (రేకు మీద గీసిన బొమ్మని కాగితం మీదకి అచ్చు వేయడం) గది ఉండేది, దానికి మంచి ఎచింగ్ ప్రెస్సు ఉండేది. ఒక వేసవి సెలవుల తర్వాత వెళ్తే ప్రెస్సు మెట్ల కింద ఉంది, దాని మీద చీపుళ్లు పెట్టారు. గదిలో నలభై కంప్యూటర్లు వచ్చాయి. బ్రోచర్‌లో కంప్యూటర్ ల్యాబు ఫొటో ఉంటే అడ్మిషన్లు వస్తాయి, ప్రెస్సు ఫొటోకి రావు. బిల్డింగ్ మీద వాళ్లకీ బ్యాంకు లోనుంది. మాస్టార్లలో సగం మంది గంటకింత అని వచ్చేవాళ్లు, వచ్చే సెమిస్టర్ పిలుస్తారో లేదో తెలియదు. అలాంటివాళ్లు పిల్లల్ని "ఇంకా రిస్కు తీసుకో" అని ఎందుకు తోస్తారు? నేను కూడా తోయలేదు. కంపెనీవాళ్లు జ్యూరీకి వస్తున్నారని, గజిబిజిగా ఉన్నా ప్రాణమున్న ఒక పనికి తక్కువ మార్కులు వేసి, శుభ్రంగా ఉన్న చప్పటి పనికి ఎక్కువ వేశాను ఒకసారి. ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

మన దేశంలో డిజైన్ చదువు పుట్టుకే పరిశ్రమ కోసం. 1958లో అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక తర్వాత 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వచ్చింది, అది వాణిజ్య, పరిశ్రమల శాఖ కింద ఉంటుంది. 1986లో వచ్చిన నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ కాలేజీ) జౌళి శాఖ కింద ఉంటుంది. కాబట్టి "మార్కెట్ ముట్టుకోని డిజైన్ స్కూలు" అనేది వెతక్కండి, దొరకదు. మార్కెట్ ఉండటం తప్పు కాదు. అది చదువులో ఏ ఏడాది నుంచి మీద పడుతుందన్నదే తేడా. ఫైనల్ ప్రాజెక్టు కంపెనీలో చేస్తే ఫరవాలేదు, అయితే ఒక్క జాగ్రత్త. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, చేసిన పని బయట చూపించనివ్వని కంపెనీలున్నాయి. ఆరు నెలలు చాకిరీ చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి ఏమీ లేని పిల్లల్ని చూశాను. మొదటి ఏడాది నుంచే ప్రతి పనికీ "ఇది ఎక్కడ అమ్ముడవుతుంది" అని అడిగే కాలేజీ మాత్రం వద్దు.

డబ్బు ఒత్తిడిని దాటడానికి ఆర్టిస్టులు వేసిన ఎత్తుల్లో నాకు బాగా నచ్చింది మద్రాసు దగ్గరి చోళమండలం. మద్రాసు ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్ ఒకటి గమనించారు. చదువుకునే రోజుల్లో బ్రహ్మాండంగా వేసిన పిల్లలు కాలేజీ దాటగానే ఏదో ఒక ఉద్యోగంలో పడి కుంచె వదిలేస్తున్నారు. దానికి ఆయన, కొందరు ఆర్టిస్టులు కలిసి బాతిక్ (మైనంతో రంగులద్దే) బట్టలు, చేతిపని వస్తువులు చేసి అమ్మారు. ఆ డబ్బుతో మహాబలిపురం దారిలో సముద్రం పక్కన స్థలం కొన్నారు. 1966లో ఆర్టిస్టుల ఊరు మొదలైంది, ఇప్పటికీ ఉంది. చేతిపని కడుపుకి, మిగతా పొద్దు బొమ్మకి. రెండూ చేసేది ఒకే చేయి కాబట్టి ఒకదాని నైపుణ్యం ఇంకోదానికి పాకింది. పెళ్లి కార్డుల కుర్రాడికి దొరకనిది ఇదే. వాడి రాత్రి పనికీ పగటి పనికీ సంబంధం లేదు, పక్కన తోడు కూడా లేదు.

తెనాలి వైపు విగ్రహాలు చేసేవాళ్లనీ చూడండి. ఏడాదంతా నాయకుల విగ్రహాల ఆర్డర్లే. వేలు చూపించే అంబేద్కర్, చెయ్యి ఊపే వైఎస్, నమస్కారం పెట్టే ఎన్టీఆర్. భంగిమ మార్చడానికి లేదు, మారిస్తే ఊళ్లో గొడవ. దీన్ని కళ అనరు అని ముక్కు చిట్లించే మాస్టార్లున్నారు. నాకు తెలిసిన ఒక శిల్ప విద్యార్థి మూడు వేసవులు అక్కడ పనిచేసి వచ్చాక, పంచె మడతలు మలచడంలో వాడికి సాటి వచ్చేవాళ్లు మా కాలేజీలో లేరు, మాస్టార్లతో సహా. ఇనుప తుక్కు, నట్లు బోల్టులతో విగ్రహాలు కట్టడం కూడా ఆ ఊళ్లోనే చూశాను. ఆర్డరు పని చేయిని చంపదు. అయితే వాడు సెలవుల్లో వెళ్లాడు, జూన్‌లో తిరిగొచ్చాడు.

ఇక మీ రెండు సీట్ల సంగతి. నేనైతే ప్రభుత్వ సీటు వైపే మొగ్గుతాను. ఆ సీటున్న మాసబ్‌ట్యాంక్ కాలేజీ 1940 నుంచీ ఉంది, 2008లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అయింది. అక్కడ సామాను పాతది కావచ్చు, మాస్టార్ల కొరత ఉండొచ్చు, సీనియర్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువ ఉండొచ్చు. ప్రైవేటుకయ్యే 20 లక్షలు అక్కర్లేదు, నాలుగేళ్లలో రెండు మూడు లక్షలు కూడబెట్టుకోగలిగితే మంచి ల్యాప్‌టాప్, పెన్ టాబ్లెట్, జ్యూరీ ముందు రాత్రి ప్రింట్లకయ్యే ఖర్చు (ఇది ఎవరూ ముందు చెప్పరు, కొంపముంచుతుంది), ఏడాదికో ఊరు తిరిగే రైలు చార్జీలు అన్నీ వెళ్లిపోతాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గరో, చేర్యాలలో పటాల మీద కథలు వేసే నకాషీల దగ్గరో ఒక నెల కూర్చుంటే వచ్చేది ఏ ల్యాబులోనూ రాదు. సాఫ్ట్‌వేర్‌కి క్రిటా, ఇంక్‌స్కేప్, బ్లెండర్ ఉన్నాయి, మూడూ ఉచితం. నాలుగేళ్లయ్యాక అప్పు లేకుండా ఎన్ఐడీలోనో, ఐఐటీ డిజైన్ విభాగంలోనో పీజీకి రాయొచ్చు. అప్పుడు చిన్న లోను తీసుకున్నా తప్పులేదు, తనకేం కావాలో అప్పటికి తనకే తెలుస్తుంది.

ప్రైవేటు సీటు వైపే మనసు లాగితే, ఫీజు కట్టేలోపు ఒక మామూలు రోజు, ఓపెన్ హౌస్ రోజు కాదు, అమ్మాయిని తీసుకుని కాలేజీకి వెళ్లండి. ప్లేస్‌మెంట్ బోర్డు దగ్గర ఆగకుండా స్టూడియోకి వెళ్లి సింకు చూడండి. రంగు మరకలు పట్టి, అడుగున మట్టి పేరుకుని ఉందంటే అక్కడ పిల్లలు చేత్తో పని చేస్తున్నారు. తళతళ మెరుస్తుంటే ఆలోచించండి. సాయంత్రం ఆరు తర్వాత స్టూడియో తెరిచి ఉంచుతారా అని వాచ్‌మన్‌ని అడగండి, ప్రిన్సిపల్‌ని కాదు. సెకండియర్ పిల్లల్ని "ఈ సెమిస్టర్‌లో చెడిపోయిన పని ఒకటి చూపించు" అని అమ్మాయి చేత అడిగించండి. వాళ్లు నవ్వి తెచ్చి చూపిస్తే సరే. బిక్కమొహం వేస్తే మీకే అర్థమవుతుంది.

మీ మరిదిగారిని కూడా వెంట తీసుకెళ్లండి. సీటు వదులుకుంటే ఫీజు ఎంత, ఏ తేదీలోపు వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. ప్రభుత్వ సీటుకి రిపోర్టింగ్ చివరి తేదీ ఎప్పుడో మీరు రాయలేదు, ముందు అది చూసుకోండి.